లెంపకాయ, మొట్టికాయ, గుండెకాయ

ఆ సెంట్ల కొట్టు పెద్దకోడలి అసలు పేరు ఆమెను కట్టుకున్న మొగుడికైనా గుర్తుందో లేదో గానీ, వీధి వీధంతా ఆమెను ముక్కుసూటమ్మ అనేది. మాట ముక్కుసూటిగా ఉంటుందని కొందరూ, ముక్కు ఎటు చూపిస్తే కాళ్ళు అటే నడుస్తాయని కొందరూ ఆ పేరుకు అర్థం చెప్పేవాళ్ళు. రెండూ నిజమే. ఆ ముక్కు సామాన్యమైన ముక్కు కాదు. మూడు వీధుల అవతల ఎవరైనా కమలాపండు ఒలిస్తే, ఒలిచింది కుడిచేత్తోనా ఎడంచేత్తోనా అని ఇక్కడ కుర్చీలో కూర్చుని చెప్పేది. ఒకసారి రేవుకు రావలసిన నారింజల ఓడలో, కింది వరసలో, మూల పెట్టెలో ఒక కాయ కుళ్ళిందని చెప్పింది. సరుకు దింపి చూస్తే కుళ్ళిన మాట నిజమే. అందులో వింతేముంది అంటారేమో, ఆమె ఆ మాట చెప్పేనాటికి ఓడ ఇంకా బయల్దేరనే లేదు.

కొట్టు చిన్నది. ముందు గదిలో గాజు బీరువాలు, నడిమి గదిలో మామగారు తైలాలు కలిపే బల్ల, వెనక గదిలో సీసాలు కడిగే తొట్టి. మేడమీద కాపురాలు. గులాబీ కావాలి, మల్లె కావాలి అంటూ వచ్చినవాళ్ళు గుమ్మంలోంచే తిరిగి వెళ్ళాల్సిందే. నిమ్మ, నారింజ, కమలా, బత్తాయి, దబ్బ, పంపరపనస, ఈ పులుపు జాతికి తప్ప ఇంకో జాతికి ఆ కొట్లో చోటు లేదు. పూల సెంటు పూసుకున్నవాడు పెళ్ళికి పోతున్నట్టుంటాడు, పులుపు పూసుకున్నవాడు ఇప్పుడే స్నానం చేసొచ్చినట్టుంటాడు, మనిషి పెళ్ళికి ఎప్పుడో గాని పోడు, స్నానం రోజూ చేస్తాడు అని మామగారి సిద్ధాంతం. రోజూ చేయనివాళ్ళు రెండేసి సీసాలు కొంటారని ఆ సిద్ధాంతానికి తోక.

కాలం మారినప్పుడల్లా ముందు అర ఖాళీ చేసి, ఆ కాలానికి తగిన సెంటు ఒక్కటే అందులో పెట్టడం ఆ కొట్టు ఆనవాయితీ. ఏదో ఒకటి పెడితే కుదరదు. పులుపు వాసన చుట్టంలా తిష్ఠ వేసేది కాదు, పోస్టుమాను లాంటిది. తలుపు తట్టి వెళ్ళిపోతుంది. ఎండకు మరీ తొందరపడి ఎగిరిపోతుంది. వానగాలిలో మనిషిని కరుచుకుని వదలదు, ఏమాత్రం బరువెక్కినా ముక్కిపోయిన గుడ్డలా తయారవుతుంది. చలికి ముసుగుతన్ని పడుకుంటుంది, వెనకనుంచి లవంగమో దాల్చినచెక్కో తట్టి లేపాలి. ఏ కాలానికి ఏది అని తేల్చేది ముందు గదిలో కుర్చీ మీద కూర్చునే మనిషి. ఒకప్పుడు అది అత్తగారి కుర్చీ. ఆవిడ పోయాక పెద్దకోడలికి వచ్చింది. కొట్టుకు నోళ్ళెన్నయినా ఉండొచ్చు, ముక్కు మాత్రం ఒకటే ఉండాలి అనేవాడు మామగారు. కుర్చీ దక్కని కోడలికి వెనక గదీ, తొట్టీ, సీసాలూ.

ముక్కుసూటమ్మ వాసనలకు తనే పేర్లు పెట్టుకునేది. ఎండాకాలానికి పెట్టే నిమ్మకు ఆమె పేరు లెంపకాయ. వేడికి మొద్దుబారి కూర్చున్న మనిషిని చెంప మీద చెళ్ళుమనిపించి లేపాలి. వానాకాలానికి కావలసింది మొట్టికాయ. గొడుగు తెరిచేలోపు మొదటి చినుకు నడినెత్తిన టక్కుమంటుంది చూడండి, అలా ఉండాలి. తగలాలి, నొప్పి ఉండకూడదు. చలికాలానికి గుండెకాయ. చొక్కా లోపల ఎవరికీ కనపడకుండా వెచ్చగా కొట్టుకుంటూ ఉండాలి. ఈ మూడు కాయలూ ఏ చెట్టుకూ కాయవు. కొనేవాళ్ళు నవ్వుతారని వాళ్ళ ముందు ఆమె ఈ మాటలు అనేది కాదు. వాళ్ళకు వేసవి నిమ్మ, శీతాకాలపు కమలా లాంటి మర్యాద పేర్లే చెప్పేది. ఈ కాయల భాష తెలిసిన మనిషి ఆమె కాక భూమ్మీద ఇంకొకతే ఉంది. ఆ ఒకతె తోడికోడలు.

తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అని లోకం అంటుంది. వీళ్ళిద్దరూ ఒకే తొక్కలో రెండు తొనలు. చిన్నకోడలు మొగుడు సంచీ భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగి సీసాలు అమ్మేవాడు, ఇంట్లో కనపడేదే తక్కువ. అందుకని ఆమెకు తోడూ నీడా అన్నీ పెద్దకోడలే. వెనక గదిలో సీసాలు కడుగుతూ ఆమె, ముందు కుర్చీలోంచి ఈమె, రోజంతా గోడకు ఈ పక్కా ఆ పక్కా మాటలు విసురుకునేవాళ్ళు. ఎవరైనా కొట్లోకి రాగానే, ఈయనకు లెంపకాయ కాదే, రెండు మొట్టికాయలు పడాలి అని ఈమె గొణిగేది. వెనక గదిలో సీసాలు గలగలమనేవి. సీసాలతోపాటు చిన్నకోడలి నవ్వు కూడా.

ఒక ఏడు చలికాలం పోతూ పోతూ ముక్కుసూటమ్మకు ఒక జలుబు అంటించి పోయింది. ఆమె తుమ్మితే బీరువాలో సీసాల మూతలు వాటంతటవే ఊడి పడ్డాయి. ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పటి పక్క వీధిలో దొరికింది. కొన్నాళ్ళకు జలుబు తగ్గింది. ఇంటికొచ్చిన చుట్టం వెళ్తూ వెళ్తూ గొడుగు పట్టుకుపోయినట్టు, అది పోతూ పోతూ వాసనను పట్టుకుపోయింది.

పోయిన సంగతి ఆమెకు తెలియను కూడా తెలియదు. ఒక ఉదయం పొయ్యి మీద పాలు పెట్టి, పక్కనే నిలబడి, కిటికీలోంచి వీధిలో ఎవరో సైకిలు నేర్చుకుంటుంటే చూస్తోంది. పాలు పొంగాయి, పొర్లాయి, ఇగిరాయి, గిన్నె అడుగంటింది. వీపు వెనక నల్లటి పొగ లేస్తున్నా ఆమె సైకిలు వాడు పడతాడా పడడా అన్న ఆలోచనలోనే ఉంది. చిన్నకోడలు మెట్లెక్కి పరుగున వచ్చి పొయ్యి కట్టేసింది. ఇల్లంతా మాడు కంపు కొడుతుంటే ఇక్కడే ఉండి ఏం చేస్తున్నావక్కా అని అడగబోయి, ఈమె మొహం చూసి ఆగిపోయింది.

ఇద్దరూ తలుపు గడియ వేసుకున్నారు. చిన్నకోడలు నిమ్మకాయ కోసి ముక్కు కింద పెట్టింది. ఏమీ లేదు. దబ్బకాయ తొక్క గిల్లి చిమ్మింది. కళ్ళు మండాయి గానీ వాసన లేదు. ఆఖరికి మామగారి చెప్పులు తెచ్చి పెట్టింది. ఆ చెప్పులు నడిచొస్తుంటే వీధి కుక్కలు పక్కకు తప్పుకుంటాయి. ముక్కుసూటమ్మ వాటి ముందు కూర్చుని, తెల్లవారి తోటలో గాలి పీల్చినట్టు నిండుగా ఊపిరి పీల్చింది. అప్పుడు ఇద్దరికీ అర్థమైంది.

వంటింటి గట్టు మీద తల ఆనించి ముక్కుసూటమ్మ చాలాసేపు ఏడ్చింది. కుర్చీ పోతుందని కాదు, కుర్చీ కోసం కాదు అని మళ్ళీ మళ్ళీ అంది. అలా అంటున్నకొద్దీ కుర్చీ గురించేనని ఇద్దరికీ తెలుస్తూనే ఉంది.

"ఎవరికీ చెప్పకే. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఊరుకో అక్కా. నీ మీద ఒట్టు, చెప్పను. ఇవాళ్టినుంచి నా ముక్కు నీదనుకో."

వాసన వారంలో రావచ్చు, నెలలో రావచ్చు, వచ్చేదాకా ఎలాగోలా నెట్టుకొద్దామనుకున్నారు. అది రాలేదు. ఎండాకాలం మాత్రం చెప్పిన వేళకు వచ్చింది.

మామగారు తాను కలిపిన నిమ్మల్ని కాగితపు ముక్కలకు అద్ది ఇచ్చాడు. కాలం ఎంచే వేళ ఆయన గదిలో ఉండకపోవడం అత్తగారి నాటి నుంచీ ఉన్న పద్ధతి. తలుపు మూసుకున్నాక చిన్నకోడలు ఒక్కో ముక్కా వాసన చూడటం, ముక్కుసూటమ్మ కళ్ళు మూసుకుని ప్రశ్నలు వేయడం. తగిలి ఆగుతోందా, తగిలి జారిపోతోందా? చెంపకు తగిలిందా, చెవికి తగిలిందా? చెళ్ళుమన్న తర్వాత చల్లగా ఉందా, మంటగా ఉందా? చిన్నకోడలు ముక్కు ముడిచి, పెదవి విరిచి, ఉన్నదున్నట్టు చెబుతుంటే ముక్కుసూటమ్మ మనసులో నిమ్మకాయలు ఒక్కొక్కటే తెగుతున్నాయి. మూడోది చెప్పగానే చాలు ఆగమంది. ఇదే లెంపకాయ.

అది నిజంగా లెంపకాయే. బస్సు కండక్టరు ఒకాయన అది పూసుకుని బస్సెక్కితే, కిటికీలకు తల ఆనించి నిద్రపోతున్న జనమంతా ఉలిక్కిపడి లేచి టిక్కెట్లు అడిగి మరీ తీసుకున్నారు. నాలుగు వీధుల్లో ఆ వేసవి పట్టపగలు ఎవరూ ఆవులించలేదు. కాలం ఎంచిన ప్రతిసారీ మామగారు సాయంత్రం గుమ్మంలో నిలబడి ఒకటే అడిగేవాడు, కాయా పండా అని. ఆసారి అడగకుండానే ఆయనే పండు పండు అన్నాడు. పెద్దకోడలి ముక్కుకు ముక్కే సాటి అని వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. స్కూటరు మీద సీసాలు చేరవేసే మొగుడు, పెళ్ళయిన ఇన్నేళ్ళలో కూర బాగుందని కూడా అనని మనిషి, నీ అంతటిది లేదే అన్నాడు. ముక్కుసూటమ్మ పొంగిపోయింది. మెప్పులో సగం నీదేనే అని తోడికోడలి చెవిలో చెప్పింది. తనకు మెప్పు వీధిలో వచ్చిందనీ, తోడికోడలికి పంచింది చెవిలోననీ ఆ రోజు ఆమెకు తట్టలేదు.

ఎండలు వాలి మబ్బులు పట్టాయి. మొట్టికాయ వెతకాల్సిన వేళ వచ్చింది.

ఆసారి మామగారు అద్ది ఇచ్చినవి కాస్త ఎక్కువే. నడిమి గది తలుపు మూసి ఇద్దరూ కూర్చున్నారు. తనకేం కావాలో ముక్కుసూటమ్మ వివరంగా చెప్పింది. వానకు తీపి పనికిరాదు, తీపి తడిస్తే జిడ్డవుతుంది. పంపరపనస జాతిలో చూడు, అది నీళ్ళ మనిషి, వానతో తగువు పెట్టుకోదు. ముట్టుకుంటే తొక్క మందం, లోపల మాత్రం తేలిక. చినుకు పడ్డట్టు టక్కుమని, వెంటనే చెయ్యి తీసేసినట్టుండాలి. చిన్నకోడలు ఒక్కో ముక్కా తీసి చూస్తోంది. ఒక ముక్క దగ్గర ఊపిరి కొంచెం ఎక్కువసేపు ఆగింది. ముక్కు లేకపోయినా చెవులున్నాయి కదా, ముక్కుసూటమ్మ అది విని, అదేమిటే అని అడిగింది.

"ఏం లేదక్కా. దీంట్లో చేదు ఎక్కువ. మొట్టికాయ కాదు, తలకాయ నొప్పి."

ఇద్దరూ నవ్వుకున్నారు. చివరకు చిన్నకోడలు ఒక బత్తాయి ముక్క పట్టుకుని, ఉన్నవాటిలో ఇదొక్కటే దగ్గరగా ఉందక్కా అంది. బత్తాయా, అది తీపి కదే అని ముక్కుసూటమ్మ అనుమానపడింది. తీపి లేదు, మామయ్యగారు ఏదో కలిపి విరిచారు, చినుకులానే ఉంది, నడినెత్తిన టక్కుమంది అని చిన్నకోడలు ముక్కుసూటమ్మ మాటల్నే తిరిగి ఆమెకు అప్పజెప్పింది. తన మాట తనకు వినిపిస్తే ఎవరికైనా నిజంలానే ఉంటుంది. ముక్కుసూటమ్మ నమ్మింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అన్నారా.

అర తెరిచే రోజు పొద్దుటినుంచీ సన్నగా ముసురు. అయినా పాత వాడుకదార్లంతా గొడుగులు విదిలించుకుంటూ వచ్చేశారు. సంగీతం నేర్పే పంతులమ్మ, బస్సు కండక్టరు, మూలమీది పళ్ళ డాక్టరు. పళ్ళంటే నోట్లోవి, బుట్టలోవి కాదు. ముక్కుసూటమ్మ కుర్చీలోంచి లేచి, అలవాటుగా నవ్వి, ఈ వానకు ఇదండీ అని కొత్త సీసా మూత తీసింది. ముందుగా డాక్టరుగారి మణికట్టు మీద కొట్టింది. తర్వాత పంతులమ్మ మెడ వెనక.

పంతులమ్మ చెంగుతో మెడ తుడుచుకుంటూ ఒక అడుగు వెనక్కి వేసింది. కండక్టరు కిటికీ తెరవబోతే అది అప్పటికే తెరిచి ఉంది. ఇది ఎండలో ఆరక, మూటగట్టి మూలపడేసిన తువ్వాల్లో చక్కెర పాకం ఒలికినట్టుందని ఎవరో గొణిగారు. డాక్టరుగారు పెద్దమనిషి. మొహం చిట్లించకుండా, నెమ్మదిగా చెప్పాడు.

"ఇది పూసుకుని వెళ్తే నా దగ్గరికొచ్చినవాళ్ళు నోరు తెరవరమ్మా."

అందరూ నవ్వారు. ముక్కుసూటమ్మ సీసా ముక్కు దగ్గర పెట్టుకుంది. వాసన చూద్దామంటే అక్కడ ఏమీ లేదు. సీసా, గాజు, చల్లదనం. అంతే. వెనక్కి తిరిగి తోడికోడలి మొహం చూసింది, పొరపాటు జరిగింది, ఏదో ఒకటి చెయ్యి అన్నట్టు.

చిన్నకోడలు చేసింది. చెంగు సవరించుకుని ముందుకొచ్చి, మా అక్కకు ఇంకా జలుబు పూర్తిగా తగ్గలేదండీ, అసలుది ఇదీ అంటూ బల్ల కింది నుంచి ఒక సీసా తీసింది. మూత తీసి గాలిలో ఒక్కసారి కొట్టింది. గదిలో ఉన్నవాళ్ళందరి భుజాలూ ఒకేసారి కిందికి దిగాయి. పంతులమ్మ కళ్ళు మూసుకుంది. డాక్టరుగారు నెత్తి తడుముకున్నాడు, నిజంగానే చినుకు పడిందేమోనని పైకి చూశాడు. ఆ గది కప్పు ఆనాటికీ ఈనాటికీ కారిన పాపాన పోలేదు. అయినా నలుగురు గొడుగులు తెరిచారని చెప్పుకుంటారు.

దీని పేరేమిటమ్మా అని అడిగింది పంతులమ్మ.

"మొట్టికాయ అంటామండీ మేము."

ముక్కుసూటమ్మ చెయ్యి కుర్చీ వీపు మీద ఉంది. అలాగే ఉండిపోయింది. ఆ మాట ఇద్దరి మధ్య గోడ దాటి ఎన్నడూ బయటకు రాలేదు. చేదు ఎక్కువ, తలకాయ నొప్పి అన్న ముక్క అదేనని ఆమెకు ఆ క్షణంలో తెలిసింది. అయినా తోడికోడల్ని తప్పుపట్టడానికి మనసు రాలేదు. తొందరలో అప్పటికప్పుడు తట్టిన మాట కావచ్చు, పరువు కాపాడబోయి నోరు జారి ఉండొచ్చు. ఆ సీసా అందుకుని తిప్పి చూసింది. సీసా మీద కాగితం అంటించి ఉంది. కాగితం మీద గుండ్రటి అక్షరాల్లో, ఆకుపచ్చ రంగులో, మొట్టికాయ అని అచ్చు వేసి ఉంది. వంగి బల్ల కిందకు చూస్తే అలాంటివే వరసలు వరసలుగా పెట్టెల్లో ఉన్నాయి.

కాగితం దానంతటదే అచ్చు కాదు. సీసాలు వాటంతటవే నిండవు. నింపేది మామగారు. అచ్చు వేయించి స్కూటరు మీద తెచ్చేది మొగుడు. ఆమె తలెత్తి మామగారి వైపు చూసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన తన భుజం మీది తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు. మొగుడి వైపు చూసింది. ఆయన స్కూటరు తాళాల కోసం జేబులు వెతుక్కుంటున్నాడు. తాళాలు చేతిలోనే ఉన్నాయి.

అప్పుడే అనేయవచ్చు. ముక్కుసూటమ్మ కదా, అందరి ముందూ ఇదీ సంగతి అని ముఖం మీద కొట్టినట్టు చెప్పేయవచ్చు. కానీ ఏమని చెబుతుంది? ఈ పిల్ల నాకు అబద్ధపు వాసన చెప్పిందండీ అంటే, నీ ముక్కు ఏమైందమ్మా అంటారు. తోడికోడలి అబద్ధం బయటపడాలంటే ముందు తన అబద్ధం బయటపడాలి. తడిగుడ్డతో గొంతు కోస్తే కేక కూడా రాదంటారు. ఆమెకు రాలేదు. కుర్చీ పక్కకు జరిగి నిలబడింది. చిన్నకోడలు వెంటనే అందులో కూర్చోలేదు గానీ, సాయంత్రానికి కూర్చుంది. కాళ్ళు నొప్పులు పుట్టాయని.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపొచ్చిందని సామెత. ఇక్కడ కొట్టిందీ తోడికోడలే, నవ్వని మనిషీ తోడికోడలే. కొట్టు కట్టేశాక వెనక గదిలో ముక్కుసూటమ్మ ముందు నిలబడినప్పుడు ఆమె మొహంలో నవ్వు లేదు.

"వాళ్ళకు ఎప్పుడు చెప్పావు?"

"పాలు మాడిన రోజే."

ముక్కుసూటమ్మ తొట్టి అంచు పట్టుకుంది. ఒట్టు వేశావు కదే అంది. వేశానక్కా అంది చిన్నకోడలు. నువ్వడిగావని ఒట్టు వేశాను, మాడు కంపు ఎక్కడిదని మామయ్యగారు అడిగారని ఆయనకు చెప్పాను, ఇద్దరూ పెద్దవాళ్ళే, ఎవరి మాట తీసేయను అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

అయితే వేసవి అంతా మెచ్చుకున్నారు కదా, అదంతా ఏమిటని అడిగింది ముక్కుసూటమ్మ. మెచ్చుకుంటే నువ్వు ధైర్యం చేసి నీ అంతట నువ్వే చెబుతావనుకున్నాం అంది చిన్నకోడలు. నువ్వు చెప్పలేదు. మామయ్యగారు పైకి అనలేరు. బావగారు అసలే అనలేరు. వానాకాలానికి ఎలాగోలా నిన్ను లేపాలనుకున్నాం.

పెద్దకోడలికి వేసవి మొత్తం ఒక్కసారి గుర్తొచ్చింది. గుమ్మంలో పండు పండు అన్న మామగారు. నీ అంతటిది లేదే అన్న మొగుడు. అన్నేళ్ళకు వచ్చిన ఆ ఒక్క మెచ్చుకోలు మాటా జాలి కొద్దీ వేసిన ముద్దే. పాలు మాడితే గిన్నె తోముకోవచ్చు. మాట మాడితే దేంతో తోముతారు?

"నన్ను నిలబెట్టి నవ్వించక్కర్లేదు కదే. అడిగితే లేచేదాన్ని."

"లేచేదానివా అక్కా?"

అప్పుడు చిన్నకోడలు, అన్నాళ్ళూ గోడవతల దాచుకున్నదంతా బయటపెట్టింది. వాసన చూసింది తను. చెళ్ళుమందో లేదో చెప్పింది తను. వీధిలో పేరు ఎవరికి వచ్చింది? నువ్వు చెవిలో సగం అంటే నేను ఆ సగాన్ని ఎక్కడ పెట్టుకోను, చెవిపోగు కూడా కాదే తగిలించుకోవడానికి అంది. సీసాలు కడిగి కడిగి నా చేతులు నారింజ తొక్కల్లా అయ్యాయి చూడు అని చూపించింది. ఆ చేతులు నిజంగానే అలా ఉన్నాయి. కష్టం నిజమే, కోరికా తప్పు కాదు. కానీ నిజమైన కష్టం చెప్పుకోవడానికి ఇంత దొంగదారి ఎందుకు పట్టిందన్నదే ముక్కుసూటమ్మకు మింగుడు పడలేదు.

ఆ మర్నాటినుంచి కోడళ్ళు చోట్లు మారారు. ముందు కుర్చీలో చిన్నది, వెనక తొట్టి దగ్గర పెద్దది. గోడకు ఈ పక్కనుంచి ఆ పక్కకు మాటలు మాత్రం మారలేదు, ఆగిపోయాయి. మామగారు పెద్దకోడలికి మంచి పీట ఒకటి చేయించి పెట్టాడు. మొగుడు రోజూ ఒకసారి వచ్చి కూర బాగుందనేవాడు. ఆ రోజుల్లో వంట చిన్నకోడలిది.

మొట్టికాయ వానాకాలమంతా బాగా అమ్ముడుపోయింది. ముసురు వెలిసి, పొద్దున్నే నోళ్ళలోంచి పొగలు రావడం మొదలయ్యేసరికి చిన్నకోడలికి కొత్త తిప్పలు వచ్చాయి. ముక్కు ఉంది, బాగా పనిచేస్తోంది. కానీ మామగారు ఇచ్చిన మూడు కమలాలూ ఆమెకు బాగానే అనిపిస్తున్నాయి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఇంకొకటి గుండెకాయ అనిపిస్తోంది. వాసన చూడటం వేరు, ఎంచడం వేరని ఆమెకు కుర్చీలో కూర్చున్నాక తెలిసింది. అడగడానికి భూమ్మీద ఒకే మనిషి ఉంది. ఆ మనిషి వెనక గదిలో, కుళాయి కింద సీసా పెట్టి, నిండేదాకా చూసి, వంచి, మళ్ళీ పెడుతోంది.

మూడు కాగితపు ముక్కలూ చేతిలో పట్టుకుని చిన్నకోడలు గుమ్మంలో నిలబడింది. పాత రోజుల్లోలానే గారాలు పోతూ, గుండెకాయ ఏదో చెప్పవూ అక్కా అంది. చెప్పనంటే తగువు. చెబుతానంటే నవ్వులాట. ముక్కుసూటమ్మ కుళాయి కొంచెం తగ్గించి, ఊఁ అంది.

మొదటిది కమలా, వెనక కాస్త లవంగం, కానీ త్వరగా చల్లారిపోతోంది, పొయ్యి ఆర్పిన వంటిల్లులా ఉంది అంది చిన్నకోడలు. రెండోది వెచ్చగా ఉంది, చొక్కా లోపల దాచుకున్నట్టుంది. మూడోది మరీ బరువు, దుప్పటి మీద దుప్పటి కప్పినట్టు. పాత ప్రశ్నలు ముక్కుసూటమ్మ నాలుక చివరిదాకా వచ్చాయి. కొట్టుకుంటోందా, ఆగి ఆగి కొట్టుకుంటోందా? ఎడమ పక్కనా, నడిమిలోనా? అడిగితే ఈమె చెబుతుంది, బాగా చెబుతుంది. చక్కటి మాటలు, తను నేర్పిన మాటలే. వాటిలో ఏది నిజమో తేల్చుకోవడానికి తన దగ్గర ఏముంది? కళ్ళు మూసుకుంటే మునుపు కాయలు కనపడేవి. ఇప్పుడు బల్ల కింద వరసలుగా పేర్చిన పెట్టెలు కనపడుతున్నాయి. వాసన పోయిన రోజున ఆమెకు ఒక్క ముక్కే పోయింది. ఇప్పుడు చెవులు కూడా పోయాయి.

"మధ్యది," అంది, సీసా మీంచి కళ్ళు ఎత్తకుండా.

ఒక్క ప్రశ్న కూడా అడగకుండా చెప్పేశావేమక్కా అంది చిన్నకోడలు. విన్నాను కదా అంది ముక్కుసూటమ్మ. నిజంగా అదేనా, లేక నా మీద కోపంతో అంటున్నావా అని మళ్ళీ అడిగింది.

"నువ్వు నాకు చెప్పింది నిజమైతే, నేను చెప్పిందీ నిజమే."

ఆ మాట విని చిన్నకోడలు వెళ్ళిపోయి ఉంటే కథ వేరేగా ఉండేది. ఆమె రెండడుగులు వేసి ఆగింది. చేతిలోని మూడు ముక్కల్నీ చూసుకుంది. మొదటిదాన్ని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని తీసేసింది. మెడ ఎర్రబడింది.

"అక్కా, మొదటిదాన్ని కొంచెం తగ్గించి చెప్పాను. నువ్వు దాన్ని కాదంటే, నేనే కనిపెట్టానని చెప్పుకోవచ్చని. ఉండు, మళ్ళీ ఉన్నదున్నట్టు చెబుతాను. ఈసారి నిజంగా."

ముక్కుసూటమ్మ ఆమె మొహంలోకి చూసింది. అక్కడ పశ్చాత్తాపం ఉంది. అది కూడా అచ్చం నిజమైనదానిలాగే ఉంది. చిన్నకోడలు మొదటి ముక్క ముక్కు కింద పెట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, చెప్పడానికి నోరు తెరిచింది. ముక్కుసూటమ్మ చెయ్యి చాచి కుళాయిని చివరిదాకా తిప్పింది. నీళ్ళు తొట్టిలో దబదబ పడుతున్నాయి. గుమ్మంలో పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆమె ఇంకో సీసా అందుకుని నీళ్ళ కింద పెట్టింది.